ఎస్నోగాకి సాయంత్రం నాలుగింటికి వెళ్ళకండి

ఆమ్‌స్టర్‌డామ్‌కి మనవాళ్ళు వేసుకునే రెండ్రోజుల ప్లాన్ దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. ఒకరోజు కాలవల్లో బోటు, ఆన్ ఫ్రాంక్ ఇల్లు, డామ్ స్క్వేర్. ఇంకోరోజు తులిప్ తోటో, గాలిమరల ఊరో. మధ్యలో ఎక్కడైనా గంట మిగిలి, ఫోన్లో మ్యాపు తీస్తే వాటర్లూప్లైన్ పక్కన "పోర్చుగీస్ సినగాగ్" అని కనబడుతుంది. యూదుల ప్రార్థనా మందిరం, దాని పాత పేరే ఎస్నోగా. సరే అని సాయంత్రం పూట దూరతారు. లోపల చీకటి, చలి, కాళ్ళ కింద ఇసుక. పావుగంట తిరిగి, మసకమసకగా నాలుగు ఫోటోలు తీసుకుని, "పాత బిల్డింగు, లైట్లు కూడా లేవు" అనుకుంటూ బయటపడతారు.

లైట్లు లేని మాట నిజమే. ఆ పెద్ద హాల్లో కరెంటు లేదు, హీటరు లేదు. 1675లో తలుపులు తెరిచిన రోజున ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. ఇదేదో చూసేవాళ్ళు సర్దుకుపోవలసిన అసౌకర్యం అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది. కరెంటు లేకపోవడం, ఇసుక, చలి, ఇవి ఆ భవనం పనిచేసే తీరులో భాగాలు. వాటికి తగ్గట్టు టైము వేసుకుని వెళ్తే యూరప్‌లో అలాంటి గది ఇంకోటి దొరకడం కష్టం. మిగిలిన గంటలో ఇరికిస్తే మాత్రం టికెట్ డబ్బులు దండగ.

ముందు పేరు సంగతి. తెలుగు బైబిలు చదివినవాళ్ళకి సినగాగ్ కొత్త మాట కాదు, అందులో "సమాజమందిరము" అని ఉంటుంది. చాలా సరైన అనువాదం. హీబ్రూలో కూడా దాని పేరు "కూడుకునే ఇల్లు" అనే. దేవాలయం అనేది యూదులకి ఒక్కటే, యెరూషలేములో ఉండేది, క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేశారు. కాబట్టి ఇక్కడ గర్భగుడి కోసం, విగ్రహం కోసం వెతక్కూడదు. నలుగురు కూడి చదువుకునే, ప్రార్థించుకునే చోటు ఇది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దీన్ని కట్టినవాళ్ళు స్పెయిన్, పోర్చుగల్ నుంచి క్యాథలిక్ చర్చి మతవిచారణల (ఇన్‌క్విజిషన్) బారి తప్పించుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ పోర్చుగీసులో సినగాగ్ అంటే "ఎస్నోగా". అప్పట్లో డచ్చివాళ్ళకి స్పెయిన్‌తో యుద్ధం నడుస్తోంది, అది 1648 దాకా తెగలేదు. ఆ ఊళ్ళో "స్పానిష్" అని చెప్పుకోవడం కంటే "పోర్చుగీస్" అనిపించుకోవడమే మేలు.

కట్టడం 1671లో మొదలైంది. మేస్త్రీ ఎలియాస్ బౌమన్, ఆయన యూదుడు కాదు. మరుసటేడే ఫ్రెంచి సైన్యం దేశం మీదికి వచ్చింది, పని ఆగిపోయింది. చివరికి 1675 ఆగస్టు 2న ప్రారంభించి, ఎనిమిది రోజులు పండగ చేసుకున్నారు. ఈ ఆలస్యానికి సాక్ష్యం గుమ్మం మీదే ఉంది. మీరు లోపలికి పరిగెత్తకుండా ఆగి చూడవలసిన మొదటి వస్తువు అదే.

గుమ్మం పైన హీబ్రూలో ఐదు మాటల కీర్తన వాక్యం చెక్కి ఉంటుంది. అర్థం: "నీ కృపాతిశయమునుబట్టి నేను నీ మందిరములో ప్రవేశించెదను." హీబ్రూలో అంకెలకి వేరే గుర్తులు లేవు, అక్షరాలకే విలువలు ఉంటాయి. కుడి నుంచి చదువుతూ చివరి మాట దగ్గరికి రండి. "బైతెఖా", అంటే "నీ ఇల్లు". నాలుగు అక్షరాలు: బేత్ 2, యోద్ 10, తావ్ 400, ఖాఫ్ 20. కలిపితే 432. వేల స్థానంలో 5 రాయకపోవడం వాళ్ళ అలవాటు, కాబట్టి అది యూదుల లెక్కలో 5432వ సంవత్సరం, మనకి 1672. అంటే ఇల్లు ఎప్పటికి పూర్తవుతుందనుకున్నారో ఆ ఏడు. మూడేళ్ళు ఆలస్యమైనా రాయి మార్చలేదు. అంతటితో అయిపోలేదు. దాని ముందు మాటలో నాలుగు అక్షరాలకి ఈ చివరి మాటలో మొదటి అక్షరం కలిపి చదివితే "అబోఆబ్" అని వస్తుంది. ఈ సినగాగ్ కట్టాలని పట్టుబట్టిన పెద్ద రబ్బీ, అంటే యూదుల మతగురువు, ఇసాక్ అబోఆబ్ ద ఫోన్సెకా పేరు అది. మన శాసనాల్లో శక సంవత్సరాన్ని నేత్రాలు, వేదాలు, రసాలు అంటూ భూతసంఖ్యల్లో దాచే కవులు దీన్ని చూస్తే ఒకటికి రెండుసార్లు తల ఊపేవాళ్ళు. ఈ అబోఆబ్ 1642లో, అప్పుడు డచ్చివాళ్ళ చేతిలో ఉన్న బ్రెజిల్‌లోని రెసీఫే వెళ్ళి అమెరికా ఖండాల్లో మొదటి రబ్బీగా పనిచేసి, 1654లో పోర్చుగీసులు ఆ ఊరిని మళ్ళీ పట్టుకోగానే తిరిగొచ్చినవాడు. లోపల ఒక బ్రెజిల్ కలప ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఇక ఇసుక. మన అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర చేయి చెప్పుల మీదికి పోతుంది. ఇక్కడ విప్పనక్కర్లేదు. మగవాళ్ళు తల కప్పుకోవాలి, అంతే. టోపీ ఏదైనా పనికొస్తుంది, లేకపోతే ద్వారం దగ్గర కిప్పా అనే చిన్న టోపీ ఇస్తారు, వెళ్ళేటప్పుడు తిరిగిచ్చేయాలి. కొచ్చిలో మట్టాంచేరి పరదేశీ సినగాగ్ చూసినవాళ్ళకి ఇది తమాషాగా ఉంటుంది. అక్కడ నీలి చైనా పలకల మీద వట్టికాళ్ళతో నడుస్తాం, ఎందుకంటే ఆ అలవాటు మన దేశానిది. ఇక్కడి నేల మీద సన్నటి ఇసుక చల్లి ఉంటుంది, ఎందుకంటే ఆ అలవాటు డచ్చివాళ్ళది. వానాకాలం అంటూ వేరే లేని ఊరు, ఏడాదంతా బూట్లకి తడీ బురదా. ఇసుక ఆ తడిని పీల్చుకుంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, చెక్క నేల మీద వందల బూట్ల చప్పుడు లేకుండా చేస్తుంది. పాతబడితే ఊడ్చి కొత్తది చల్లుతారు. పాత డచ్చి ఇళ్ళల్లో కూడా ఇదే చేసేవాళ్ళు.

దీనికి ఇంకో కథ కూడా చెబుతారు: మతవిచారణ రోజుల్లో రహస్యంగా ప్రార్థన చేసుకునేటప్పుడు అడుగుల చప్పుడు బయటికి వినబడకుండా ఇసుక పోసేవారనీ, దాని గుర్తు ఇదనీ. లేదా ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరిగిన గుర్తనీ. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో ఇదే సముదాయంవాళ్ళ 1732 నాటి సినగాగ్‌లోనూ ఇసుక నేలే, అక్కడ ఈ కథలకి ఇంకా గిరాకీ. కథలు బాగానే ఉన్నాయి గానీ, ఒక వస్తువుకి ఇంటి అవసరం కళ్ళెదుట కనబడుతుంటే పురాణం వెతుక్కోవడం దేనికి? ఒక చిన్న పని చేసి చూడండి. లోపల నాలుగు అడుగులు మామూలుగా వేసి, బయట ప్రాంగణంలో రాతి మీద నాలుగు వేయండి. తేడా చెవికి తెలుస్తుంది.

టైము విషయానికి వద్దాం. హాలుకి 72 కిటికీలు, రాత్రి దీపాలకి నాలుగు పెద్ద ఇత్తడి షాండ్లియర్లు, చిన్నవాటితో కలిపి దాదాపు వెయ్యి కొవ్వొత్తులు. పగలు కొవ్వొత్తులు వెలిగించరు కాబట్టి మీకు దక్కేది కిటికీ వెలుతురు ఒక్కటే. యూదుల ధర్మగ్రంథం తోరా చుట్టలుండే బీరువా, అంటే మందసం, ఆగ్నేయం మూల వైపు, యెరూషలేము దిక్కుగా ఉంది. డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. మూడు దాటాక లోపలికి వెళ్తే ఆ నల్లటి చెక్కపని ఏదీ కంటికి ఆనదు. చలికాలం అయితే పదకొండు నుంచి ఒంటిగంట మధ్యలో వెళ్ళాలి. వేసవిలో పది దాకా పొద్దుంటుంది గానీ, మ్యూజియం టైము అంతసేపు ఉండదు, ఉదయమే మేలు. మబ్బు పట్టిన రోజు అని ఆలోచించి మానుకోవద్దు. అన్ని వైపులా కిటికీలున్న గదికి ఎండ కంటే మబ్బు వెలుతురే సమంగా పడుతుంది.

ఎప్పుడు వెళ్ళినా, వెళ్ళగానే ఫోన్ తీయకండి. బయటి వెలుగులోంచి వచ్చిన కళ్ళకి లోపలి మసక అలవాటుపడటానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ఫోన్ కెమెరా కిటికీకి ఎదురుగా పెడితే కిటికీ తెల్లగా కాలిపోతుంది, మిగతాదంతా నల్లముద్ద. కిటికీని పక్కకి పెట్టి, ఇత్తడి గోళం మీద వేలితో తాకి, వెలుతురు కొలత దానికి ఇవ్వండి. డచ్చి షాండ్లియర్ల నడుమ ఆ నున్నటి గోళం ఊరికే సోకుకి పెట్టింది కాదు. చుట్టూ ఉన్న కొవ్వొత్తుల మంటలన్నీ అందులో ప్రతిఫలించి కిందికి పడతాయి. పగటిపూట అందులో కిటికీలన్నీ వంగి కనబడతాయి.

"ఇన్నేళ్ళలో కరెంటు పెట్టడానికి ఏమయింది? మొండితనం కాకపోతే" అనేవాళ్ళుంటారు. పక్క గదుల్లో కరెంటు ఉంది. ప్రాంగణం చుట్టూ గోడలా ఉండే చిన్న కట్టడాల వరసలో చలికాలపు సినగాగ్ అని వేరే గది ఉంది, దానికి దీపాలూ వెచ్చదనమూ ఉన్నాయి, చలిరోజుల్లో సముదాయం అక్కడికి మారుతుంది. పెద్ద హాలుని కదిలించకపోవడానికి లెక్క ఉంది. చలికాలంలో అంత ఎత్తు హాలుని వేడిచేస్తే గాలి పొడిబారుతుంది, పాత చెక్క ముడుచుకుని బీటలిస్తుంది. వైర్లు లాగితే గోడలు తొలవాలి. ఇంకోటి, కొవ్వొత్తుల వెలుతురుకి తగ్గట్టు ఎత్తూ కొలతా చూసి కట్టిన హాల్లో పైనుంచి బల్బులు వేస్తే నీడలన్నీ తప్పుచోట పడతాయి. నమ్మకం లేకపోతే కొవ్వొత్తుల వెలుగులో జరిగే కచేరీ ఏదైనా మీ తేదీల్లో ఉందేమో చూసి, టికెట్ కొనుక్కుని వెళ్ళండి. కోటు మాత్రం విప్పే పని పెట్టుకోవద్దు, వేసవిలో తప్ప.

కూర్చోవడానికీ ఒక చోటుంది. మనం చర్చి అలవాటుతో ముందు వరసలో కూర్చుని మందసం వైపు చూస్తాం. ఇక్కడి బెంచీలు అలా లేవు. ఒక చివర మందసం, దాని ఎదుటి చివర చదివేవాళ్ళు నిలబడే వేదిక, "తెబా". బెంచీలు హాలు పొడవునా రెండు వైపులా ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. అంటే జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, మెడ తిప్పితే ఒక పక్క చుట్టలు, ఇంకో పక్క చదివే మనిషి. మధ్యలో చుట్ట ఊరేగుతూ వెళ్ళడానికి ఖాళీ. పక్క బెంచీలో కూర్చుని రెండు వైపులా మెడ తిప్పి చూస్తే ఈ ఏర్పాటు పట్టుబడుతుంది. పైన గ్యాలరీ ఆడవాళ్ళది, పన్నెండు రాతి స్తంభాల మీద నిలబడి ఉంది. పైకప్పుని మోసేవి నాలుగు భారీ స్తంభాలు. ఆడా మగా విడిగా కూర్చోవడం ప్రార్థన సమయానికే, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కాదు.

మందసం బ్రెజిల్ నుంచి తెచ్చిన జకరాండా కలప. ఇచ్చినవాడు మోషే కురియెల్, ఆమ్‌స్టర్‌డామ్‌లో పోర్చుగల్ రాజుకి వ్యవహారాలు చూసిపెట్టే వర్తకుడు. దగ్గరికి వెళ్ళి కలప చార చూడండి, ఎర్రటి మట్టిరంగులో నల్లటి గీతలు. ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగకపోతే ఆ చూడ్డం సగమే. చక్కెర, పొగాకు, వజ్రాలు. చక్కెర అంటే బ్రెజిల్, సూరినాం తోటల్లో బానిసల చెమట, దాన్ని వదిలేసి ఈ కలపని మెచ్చుకోవడం కుదరదు. వజ్రాల వరస మన వైపునుంచి మొదలవుతుంది. 1720ల్లో బ్రెజిల్ గనులు బయటపడేదాకా యూరప్‌కి వచ్చే వజ్రాలు దాదాపు అన్నీ ఇండియావే, వాటిలో పేరుపడ్డవి కృష్ణ ఒడ్డున కొల్లూరువి, ఇప్పుడు పులిచింతల నీళ్ళు కప్పేసిన ఊరు. గోల్కొండ సుల్తానుల కింద తవ్విన ఆ రాళ్ళు గోవా మీదుగా, తర్వాత చెన్నపట్నం మీదుగా పడమటికి వెళ్ళేవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో వృత్తిసంఘాలు యూదుల్ని చేర్చుకునేవి కావు. వజ్రాలు సానపట్టడం కొత్త పని, దానికి సంఘమే లేదు, అందుకని అందులోకి దిగారు. ఫలానా కొల్లూరు రాయి డబ్బుతో ఫలానా స్తంభం లేచిందని ఎవరూ చూపించలేరు, చూపించబోయే వాట్సాప్ ఫార్వర్డ్‌ని నమ్మొద్దు. కానీ ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో మన కృష్ణ ఒడ్డు రాళ్ళని చేతిలో పట్టి చూసినవాళ్ళు ఉండితీరాలి. ఈ సముదాయం నుంచే మోసెస్ పెరెయ్రా ద పైవా 1686లో కొచ్చి వెళ్ళి, అక్కడి యూదుల గురించి రాసిన నివేదిక మరుసటేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది.

ఇక్కడ గైడ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. తత్వవేత్త స్పినోజాని ఈ హాల్లోంచే వెలివేశారంటారు. వెలివేసింది 1656 జులై 27న. ఈ భవనానికి అప్పటికి పునాది కూడా లేదు. అది జరిగింది హౌట్‌గ్రాఖ్ట్ అనే కాలవ ఒడ్డున ఉన్న పాత సినగాగ్‌లో. ఆ కాలవని తర్వాత పూడ్చేశారు, ఇప్పుడు అక్కడ వాటర్లూప్లైన్ సంత ఉంది. చిత్రకారుడు రెంబ్రాంట్ సంగతీ అంతే, పక్క వీధిలో ఇల్లున్న మాట నిజమే గానీ 1658లో అప్పులపాలై ఇల్లు ఖాళీ చేశాడు, ఈ భవనాన్ని అక్కణ్ణుంచి చూసే వీల్లేదు. హాలుని బొమ్మ గీసింది ఎమానుయెల్ ద విట్టె, 1680లో. అది రైక్స్ మ్యూజియంలో ఉంది. వీలైతే ముందురోజు దాన్ని చూసి రండి. అవే షాండ్లియర్లు, అదే మందసం, జనం మధ్య కుక్కలు. చూడ్డానికొచ్చే పరాయివాళ్ళు అప్పుడూ ఉన్నారు.

రోడ్డు దాటితే ఎదురుగా ఉన్నది యూదు మ్యూజియం. జర్మనీ, పోలండ్ వైపు నుంచి వచ్చిన అష్కెనాజీ యూదుల నాలుగు సినగాగులని కలిపి 1987లో మ్యూజియం చేశారు. రెండూ ఒకటే అనుకుని ఒకటి వదిలేసేవాళ్ళున్నారు, వదలొద్దు, ఎందుకంటే ఎస్నోగా ఎంత అరుదుగా మిగిలిందో అక్కడే తెలుస్తుంది. ఆ నాలుగింటి లోపలి చెక్కపని రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. 1944-45 ఆకలి చలికాలంలో ఖాళీగా పడున్న కట్టడాల కలపని పొయ్యిల్లోకి పీక్కుపోయారు. ఎస్నోగా మిగిలింది. దాన్ని యూదుల్ని పోగేసే చోటుగా వాడాలని జర్మన్లు చూసి, అంత పెద్ద కిటికీలకి చీకటి తెరలు కట్టడం సాధ్యం కాదు, కరెంటూ లేదు అని వదులుకున్నారని చెబుతారు. పోగేసింది కొద్ది దూరంలో ఉన్న హాలండ్‌ష్ స్కౌబర్గ్ అనే నాటకశాలలో. భవనం మిగిలింది గానీ బెంచీల మీద కూర్చునేవాళ్ళు మిగల్లేదు. నెదర్లాండ్స్ యూదుల్లో నలుగురిలో ముగ్గుర్ని చంపేశారు. ఎస్నోగా ఆవరణలోని ఎత్స్ హయిం గ్రంథాలయాన్ని జర్మనీకి తరలించారు, అది 1946లో తిరిగొచ్చింది. 1616 నుంచి నడుస్తోంది, యూదుల గ్రంథాలయాల్లో ఇంతకాలంగా పనిచేస్తున్నది ఇంకోటి లేదు. సినగాగ్ వెనక చౌకులో బలంగా చేతులు చాచి నిలబడ్డ రేవు కూలీ విగ్రహం ఉంటుంది. 1941 ఫిబ్రవరిలో ఆ చౌకులోనే నాలుగొందల మందికి పైగా యూదు యువకుల్ని పట్టుకుని కొట్టి లాక్కుపోతే, రెండురోజులకే ఊరంతా సమ్మె కట్టింది. దాని గుర్తు అది.

పనికొచ్చే సంగతులు ఇంకొన్ని. శనివారం, యూదుల పండగ రోజుల్లో చూడ్డానికి తెరవరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాళ్ళ పండగలు వరసగా వస్తాయి, ఆ నెలల్లో వెళ్ళేవాళ్ళు తేదీలు ముందే వెబ్‌సైట్లో చూసుకోవాలి. శుక్రవారం చలికాలంలో పెందలాడే మూసేస్తారు, ఎందుకంటే సబ్బాతు, అంటే వాళ్ళ విశ్రాంతి దినం, పొద్దుగుంకగానే మొదలవుతుంది. ఆదివారం ఉదయం అన్నిటికంటే మంచిది. సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టాపు వాటర్లూప్లైన్. టికెట్ ఒకటే, దానితో సినగాగ్, యూదు మ్యూజియం, హోలోకాస్ట్ మ్యూజియం, నాటకశాల అన్నీ చూడొచ్చు. ఒకే రోజులో అన్నీ మింగబోతే ఏదీ ఒంటబట్టదు. సినగాగ్‌కి, చుట్టూ ఉన్న గదులకి రెండు గంటలు పెట్టుకోండి. సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళొద్దు, యూరప్‌లో సినగాగులన్నిటి దగ్గరా కాపలా గట్టిగా ఉంటుంది, పెద్ద సామాను చూస్తే గుమ్మంలోనే ఆపుతారు. స్టేషన్ లాకర్లో పడేసి రండి. ప్రార్థనకి కూర్చోవాలని ఉంటే అది వేరే పని. ముందుగా సముదాయానికి రాసి అనుమతి తీసుకోవాలి, గుర్తింపు కార్డు అడుగుతారు, సబ్బాతు రోజు ఫోనూ కెమెరా జేబులోంచి తీయకూడదు.

ఆన్ ఫ్రాంక్ ఇంటిని అదే రోజు పెట్టుకోకండి. ఆ టికెట్లు ఆన్‌లైన్లోనే, ఆరు వారాల ముందు ప్రతి మంగళవారం వదులుతారు, నిమిషం తప్పినా లోపలికి పోనివ్వరేమోనన్న కంగారుతో ఇక్కడ స్తిమితంగా కూర్చోలేరు. పైగా అది ఊరికి ఇంకో పక్క.

దానికి బదులు ఐదు నిమిషాలు నడిచి వేస్పర్‌స్ట్రాట్‌లో, నాజీలు చంపినవాళ్ళ పేర్ల గోడ దగ్గరికి వెళ్ళండి. 2021 సెప్టెంబరులో తెరిచారు, టికెట్ లేదు. లక్షా రెండువేలకి పైగా ఇటుకలు, ఒక్కో ఇటుక మీద ఒక పేరు, పుట్టిన తేదీ, చనిపోయినప్పటి వయసు. అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి ఒకే ఇంటిపేరు వరసలు వరసలుగా కనబడుతుంది, దా కోస్తా అని, కార్దోజో అని. వయసు అంకె దగ్గర కొన్ని ఇటుకల మీద సున్నా ఉంటుంది. చివర్లో ఏమీ రాయని ఇటుకలు వెయ్యి ఉన్నాయి, పేర్లు దొరకనివాళ్ళ కోసం.